గడ్డ కట్టేదాకా

ఈపూరు అవతల మా ఊళ్లో మాకు కొంచెం పొలం ఉంది. కొన్నేళ్లు పత్తి, కొన్నేళ్లు మిరప వేస్తాం. మా చేనుకు ఆనుకునే మా బావగారి చేను. మామగారు ఉన్నంతకాలం అదంతా ఒకటే చెక్క. ఆయన పోయాక అన్నదమ్ములిద్దరూ పంచుకుని మధ్యలో గట్టు వేసుకున్నారు. కొన్నేళ్లకు ఆ గట్టు మీద తగాదా వచ్చింది. అన్న ట్రాక్టరు గట్టును మా వైపుకు తోసిందని మా ఆయన అన్నాడు. ముందు జరిపింది మీరేనని బావగారు అన్నారు. పెద్దమనుషుల్లో తెగలేదు. మా ఆయన వినుకొండ కోర్టులో దావా వేశాడు. ఆ రోజు నుంచి రెండిళ్ల మధ్య మాటలు పోయాయి.

తీర్పు వచ్చేదాకా గట్టు జోలికి పోవద్దని ఇటు వకీలూ చెప్పాడు, అటు వకీలూ చెప్పాడు. దాంతో గట్టు మీద గడ్డి కోసే దిక్కు కూడా లేకుండా పోయింది. రెండు వానాకాలాలు గడిచేసరికి అది మోకాలు దాటి పెరిగింది.

బావగారి భార్య, అంటే నా తోడికోడలు, నాకంటే పదేళ్లు పెద్ద. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో రెండు కుటుంబాలకూ ఒకే పొయ్యి. ఇంటర్ బైపీసీ చదివి వచ్చిన నాకు పొలం పని ఏదీ తెలియదు. పగిలిన పత్తికాయ మొనలు వేళ్లకు గుచ్చుకోకుండా దూది ఎట్లా లాగాలో ఆమే నేర్పింది. దావా పడ్డాక మాత్రం వీధిలో ఎదురైతే ఆమె తల తిప్పుకునేది, నేనూ తిప్పుకునేదాన్ని. ఎవరు ముందు మొదలుపెట్టారో ఇప్పుడు చెప్పలేను.

ఆ ఏడు కార్తీకం చివర్లో పత్తి రెండో తీత నడుస్తోంది. మా ఆయన మాచర్లలో చుట్టాల ఇంట పెద్దకర్మ ఉందని పొద్దున్నే వెళ్లాడు. నేను కూలీలతో చేలోకి వచ్చాను. ఎండ బాగా పైకొచ్చాక దాహమేసింది. నీళ్ల క్యాను గట్టు దగ్గర పెట్టాం. కూలీలు అవతలి కొసన ఉన్నారు. నేనొక్కదాన్నే ఇటు నడిచి వచ్చి, క్యాను ఎత్తడానికి వంగి, ఒక కాలు గడ్డి మీద వేశాను.

చీలమండ పైన చురుక్కుమంది. తుమ్మముల్లు అనుకున్నాను. ఆ వెంటనే చప్పుడు వినిపించింది. కుక్కరు విజిల్ వేయబోయే ముందు ఆవిరి బుసబుసమంటుందే, అట్లాంటి చప్పుడు. గడ్డి పక్కకు ఒరిగింది. లావుపాటి ఒళ్లు, దాని మీద గొలుసు కొలికుల్లాంటి ముదురు మచ్చలు వరసగా కనిపించి లోపలికి జారిపోయాయి. రక్తపింజరని నాకు అర్థమైంది. భయం వెంటనే రాలేదు. క్యాను మూత ఊడి నీళ్లు పోతున్నాయి, ముందు దాన్ని నిలబెట్టాను. ఆ పని ఎందుకు చేశానో తెలియదు.

తర్వాత కూలీలను కేకేశాను. వాళ్లకు వినపడలేదు. గట్టు అవతల, పిలిస్తే పలికే దూరంలో, నా తోడికోడలు తన చేలో నీళ్ల పైపు జరుపుతోంది. నేనామెను పిలవలేదు. కాని నా కేక విని ఆమె తలెత్తి చూసింది. చేతిలో పైపు కింద పడేసి, గడ్డి లేని చోట గట్టు దాటి వచ్చింది.

"ఏందే, ఏమైంది?" అంది. రెండేళ్ల తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అది.

"పురుగు ముట్టింది," అన్నాను. మా వైపు పొలంలో పాము అనే మాట అనరు, పురుగంటారు.

"చూశావా?"

"చూశా. రక్తపింజరే."

నా కాలి మీద రెండు చుక్కలు, వాటి చుట్టూ అప్పుడే వాపు మొదలవుతోంది. ఎండకు తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి మోకాలి కింద బిగించబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"కట్టమాక. మా చిన్నాన్నకు ఇట్టాగే తాడేసి బిగదీశారు. పాణం దక్కింది గానీ కాలు తీసేశారు. కట్టమాక, నడవమాక, కోయమాక. ఇక్కడే కూర్చో, కదలమాక."

డొంకలో పెట్టిన తన స్కూటీని ఆమె పొలం అంచు దాకా తెచ్చింది. ఈలోపు కూలీలు ఇద్దరు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఒకామెతో మా ఆయనకు ఫోన్ చేయమని చెప్పింది. ఇంకొకామె 108కి చేసింది. మా ఊరి డొంకలోకి అంబులెన్సు రాదు, రోడ్డు మీదకు తీసుకురమ్మన్నారు. కూలీలు నన్ను ఎత్తి బండి వెనక కూర్చోబెట్టారు. దారిలో కళ్లు తిరిగి పడిపోతానేమోనని, నేను విప్పిన ఆ తలగుడ్డనే మా ఇద్దరి నడుముల చుట్టూ తిప్పి తోడికోడలు ముడి వేసింది. డొంక అంతా గుంతలు. మధ్యలో ఒక్కసారి, "మేలుకునే ఉన్నావా?" అంది. "ఉన్నా," అన్నాను.

రోడ్డెక్కాక ఉమ్మేస్తే ఎర్రగా పడింది. నాలుక కొరుక్కున్నానేమో అనుకున్నాను. అంబులెన్సులో పడుకోబెట్టాక నోట్లో మళ్లీ ఉప్పదనం వచ్చింది. వేలితో తడిమితే పళ్ల చిగుళ్ల నుంచి కారుతోంది. నొప్పి లేదు. కాలు మాత్రం లోపలి నుంచి మంటపెట్టినట్టుంది. తోడికోడలు స్కూటీని రోడ్డు పక్క టీకొట్టులో అప్పగించి నాతోపాటు అంబులెన్సు ఎక్కింది. కాళ్లకు పొలం బురద, చీర కుచ్చెళ్లు నడుములోకి దోపుకుని అట్లాగే ఉంది.

నరసరావుపేటలో మమ్మల్ని దించిన ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉంది. చిన్న వయసే. మాటల్లో తొందర లేదు. కాలు చూసింది, చిగుళ్లు చూసింది. ఏ పామో అడిగింది, మచ్చలు చెప్పాను. మోచేతి దగ్గర నరంలో నుంచి కొంచెం రక్తం తీయించింది. సూది తీసేశాక దూది పెట్టి నొక్కారు. ఆ దూది తడిసిపోయింది. ఇంకోటి పెట్టారు, అదీ తడిసింది.

తీసిన రక్తాన్ని పొడిగా ఉన్న ఒక గాజు గొట్టంలో పోసి, నా మంచం పక్క బల్ల మీద నిలబెట్టారు.

"ఇరవై నిమిషాలు దీన్నెవరూ ముట్టుకోవద్దు, బల్లకు కూడా తగలొద్దు," అంది డాక్టరమ్మ. "మంచి రక్తమైతే ఈ లోపల గడ్డ కడుతుంది. కట్టకపోతే విషం రక్తానికెక్కినట్టు."

"ఇంతేనా పరీక్ష?" అంది నా తోడికోడలు.

"ఇంతే. కానీ దీన్ని మించింది ఇక్కడ లేదు."

నా తోడికోడలు బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. పాలకు తోడు పెట్టి, తోడుకుందో లేదోనని గిన్నె దగ్గరే కాచుకున్నట్టు కూర్చుంది. వార్డులో ఎవరు అటుగా వచ్చినా చెయ్యి అడ్డం పెట్టేది. నేను పడుకుని ఆ గొట్టం వంకే చూస్తున్నాను. అది నా రక్తమే కాని, చూస్తుంటే నాకు సంబంధం లేని వస్తువులాగా ఉంది. రంగు బాగానే ఉంది.

టైమయ్యాక డాక్టరమ్మ వచ్చి గొట్టాన్ని నెమ్మదిగా ఒక పక్కకు వంచింది. రక్తం నీళ్లలాగా అంచు దాకా పారింది. కుంకుమ కలిపిన నీళ్లు అట్లాగే ఉంటాయి.

ఆమె మందు ఎక్కించమని చెప్పి, పరుగు పెట్టకుండానే గబగబా పనులు చేయించింది. చిన్న సీసాల్లో తెల్లటి పొడి, దాన్ని కరిగించి సెలైన్‌లో కలిపారు. గుర్రాల రక్తంలో నుంచి తీసే మందు, కొందరి ఒంటికి సరిపడదు, దురద వచ్చినా ఊపిరి ఆడకపోయినా వెంటనే చెప్పమన్నారు. కాసేపటికి నిజంగానే ఒళ్లంతా దద్దుర్లు లేచి, చలితో మంచం కదిలేంత వణుకు వచ్చింది. నా తోడికోడలు నర్సును పిలిచింది. మందు ఆపి, ఇంకేదో ఇచ్చి, వణుకు తగ్గాక మళ్లీ మెల్లగా మొదలుపెట్టారు.

మూత్రానికి గొట్టం వేసి సంచీ మంచానికి తగిలించారు. ఈ పాము కాటుకు కిడ్నీలు కూడా దెబ్బతింటాయి, సంచీలో రంగు మారుతోందేమో చూస్తుండాలన్నారు. అప్పటికి మామూలు రంగే ఉంది.

బావగారు మధ్యాహ్నం లోపే వచ్చారు. ఆయన మా ఊళ్లో పార్టీ పనులు చూస్తారు, ఎక్కడికి పోయినా ఇద్దరు ముగ్గురు వెంట ఉంటారు. ఆ రోజు మాత్రం ఒక్కరే వచ్చారు. మంచం దగ్గరకు రాకుండా తలుపు దగ్గర నిలబడి, "ఎట్టా ఉందిరా... ఎట్టా ఉంది?" అని భార్యనే అడిగారు. అలవాటు కొద్దీ వచ్చిన ఆ "రా" తన తమ్ముడి కోసం అనుకుంటాను. తమ్ముడు ఇంకా రాలేదు.

కర్మ దగ్గర ఫోన్ ఎత్తేసరికే ఆలస్యమై, మా ఆయన మాచర్ల నుంచి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. గడ్డం కూడా గీసుకోకుండా పెద్దకర్మకు వెళ్లిన మనిషి, అదే మొహంతో లోపలికి వచ్చాడు. వదిన మంచం పక్కన ఉండటం చూసి ఒక్క క్షణం ఆగాడు. ఆమె లేచి స్టూలు ఆయనకు వదిలి గోడ దగ్గరకు జరిగింది. ఆయన కూర్చోలేదు. కూర్చుంటే ఆమె ఇచ్చింది తీసుకున్నట్టవుతుందని కాబోలు, నిలబడే నా కాలు చూశాడు. వాపు అప్పటికి మోకాలు చేరింది.

మందు మొదలుపెట్టిన ఆరు గంటలకు రెండోసారి పరీక్ష అన్నారు. మళ్లీ రక్తం తీశారు, మళ్లీ గొట్టంలో పోశారు. నా తోడికోడలు మళ్లీ వచ్చి బల్ల పక్కన నిలబడింది. ఈసారి మా ఆయనా, తలుపు దగ్గర బావగారూ కూడా చూస్తున్నారు. నలుగురం కలిసి ఒకచోట ఉండటం దావా పడ్డాక అదే మొదలు.

డాక్టరమ్మ గొట్టం వంచింది. రక్తం పారింది.

గొట్టాన్ని ఆమె తిరిగి నిలబెట్టిన తర్వాత మా ఆయన నోరు విప్పాడు.

"మందు పన్జేయట్లేదు కదమ్మా."

"చేస్తోంది. ఇంకో విడత ఇస్తాం."

"ఇందాకా ఇదే మాట చెప్పారంట. అన్ని సీసాలెక్కించినా అట్టాగే ఉంటే ఎట్టా పన్జేసినట్టు?"

తలుపు దగ్గర నుంచి బావగారు, "గుంటూరులో నాకు తెలిసిన ఆసుపత్రుంది. ఫోన్లో మాట్లాడా, బెడ్డు తీసిపెట్టారు. కింద కారుంది," అన్నారు. ఎవరితో అన్నారో తెలియకుండా గోడకు చెప్పినట్టు చెప్పారు.

"నువ్వు మాట్లాడాల్సిన పన్లా," అన్నాడు మా ఆయన, అటు తిరగకుండానే.

"ఒరేయ్, మనిషి పాణంరా ఇది. గట్టు కాదు."

"గట్టు మీదే కరిచింది."

ఆ మాటతో వార్డులో పక్క మంచాల వాళ్లు కూడా ఇటు చూశారు. నా తోడికోడలు, "ఇద్దరూ బయటికెళ్లి తన్నుకోండి. లేకపోతే నోరు మూసుకుని ఆయమ్మ చెప్పేది ఇనండి," అంది. గొంతు పెంచకుండానే అంది.

అప్పుడు డాక్టరమ్మ చెప్పిన సంగతి నాకు దాదాపు మాటకు మాట గుర్తుంది. కాలు బాధ పెరిగే కొద్దీ నా తల విచిత్రంగా తేటపడింది. పక్కన ఎవరికో జరుగుతున్నట్టు అన్నీ విన్నాను.

"ఈ పాము విషం రక్తాన్ని పల్చన చేస్తుందనుకుంటారు. నిజానికి ముందు గడ్డ కట్టిస్తుంది," అంది ఆమె. "మనకు దెబ్బ తగిలితే రక్తంలో నుంచి సన్నటి దారాలు పుట్టి, వలలాగా అల్లుకుని గాయాన్ని మూసేస్తాయి. ఆ దారం తయారయ్యే సరుకు రక్తంలో ఎప్పుడూ కొంత నిలవ ఉంటుంది. ఈ విషం ఒంట్లోకి దిగగానే, గాయమనేదే లేకపోయినా, దారం తీయమని ఆర్డరేస్తుంది. లోపల ఎక్కడికక్కడ చిన్న చిన్న దారాలు కట్టడం, తెగిపోవడం, మళ్లీ కట్టడం. కాసేపట్లో నిలవంతా ఖర్చయిపోతుంది. ఆ తర్వాత నిజంగా గాయమైనా కట్టడానికి ఏమీ ఉండదు. చిగుళ్ల నుంచి అందుకే కారుతోంది."

"మరి మీరిచ్చే మందు?" అన్నాడు మా ఆయన.

"మందు విషాన్ని పట్టుకుని ఆపుతుంది. ఖర్చయిపోయిన సరుకును తెచ్చిపెట్టదు. దాన్ని లివర్ చేయాలి. కొత్తగా, మొదట్నుంచీ. అందుకే ఆరు గంటలు ఆగి చూసేది. మధ్యలో గంటగంటకీ చూసినా లాభం లేదు, లివర్‌కి ఆ టైము కావాలి. ఇంకా విషం మిగిలి ఉంటే అది చేసిన సరుకును చేసినట్టే తినేస్తుంది. అందుకని ఇంకో విడత ఇస్తున్నాం."

నా తోడికోడలు కొంచెం ఆలోచించి, "అంటే ఉన్న పత్తంతా ఒక్కరోజే వడికేసింది. ఇంక చేను మళ్లీ కాయాలి. అంతేనా?" అంది.

"అంతే. కాకపోతే చేనుకు నెలలు పడుతుంది, లివర్‌కు గంటలు చాలు. ఆమెది మంచి వయసు, తాగుడు లేదు, కామెర్లు లేవు. చేస్తుంది."

"గుంటూరు తీసుకుపోతే తొందరగా చేస్తదా?" అన్నారు బావగారు.

"తీసుకెళ్లాలనుకుంటే నేను ఆపను. కారులో కాదు, అంబులెన్సులో పంపుతా. రేపు కిడ్నీ తేడా చేస్తే నేనే పంపుతా. కానీ ఈ ఒక్క విషయానికైతే అక్కడా ఇదే మందు, ఇదే ఎదురుచూపు. ఇక్కడున్నా అక్కడున్నా ఆమె లివర్ ఆమెతోనే ఉంటుంది. ఇప్పుడు రోడ్డు మీద కుదుపులకు లోపల ఎక్కడ చిట్లినా ఆపడం కష్టం."

అన్నదమ్ములిద్దరూ నా వైపు చూడలేదు. ఒకరి వైపు ఒకరూ చూసుకోలేదు. బావగారి కారులో నన్ను పంపడం మా ఆయనకు ఇష్టం లేదు. పంపకపోతే, నాకేమన్నా అయితే, పంతం కోసం భార్యను చంపుకున్నాడంటారని భయం. ఆయన అవస్థ నాకు తెలుస్తూనే ఉంది.

"నేనిక్కడే ఉంటా," అన్నాను. నోట్లో రక్తం ఉండటంతో మాట ముద్దగా వచ్చింది. డాక్టరమ్మకు అర్థమై నర్సుకు తల ఊపింది. రెండో విడత మొదలైంది. మళ్లీ వణుకు రాకుండా రాత్రంతా మెల్లగా ఎక్కిస్తామని, మూడో పరీక్ష తెల్లారాకేనని చెప్పారు.

ఇంటర్ రికార్డు పుస్తకంలో లివర్ బొమ్మ వేసిన సంగతి ఆ రాత్రి గుర్తొచ్చింది. ముదురు గోధుమరంగు పెన్సిలుతో నింపాను. అది చేసే పనులన్నీ పక్కన రాసి అప్పజెప్పాను కూడా. పైత్యరసం, చక్కెర నిలవ, ఇంకా ఏవేవో. రక్తం గడ్డ కట్టే పదార్థాలు అని కూడా ఉంది ఆ వరసలో ఎక్కడో. కుడివైపు డొక్క కింద చెయ్యి పెట్టుకుని చూశాను. ఏమీ తెలియలేదు. గుండెలాగా కొట్టుకోదు, కడుపులాగా గుర్రుమనదు. తన పని తాను చేస్తోందో లేదో చెప్పే గుర్తు ఏదీ లేదు. నేను చేయగలిగిందీ ఏమీ లేదు. అంతకు ముందు గాని తర్వాత గాని అంత ఖాళీగా నేనెప్పుడూ పడుకోలేదు. చిగుళ్లకు గుడ్డ అదుముకుంటూ నిద్రపోయాను, లేచాను, మళ్లీ నిద్రపోయాను.

నిద్ర లేచిన ప్రతిసారీ తోడికోడలు అక్కడే ఉంది. మా ఆయన వరండాలో పడుకున్నాడు. బావగారు కారులో పడుకున్నారని తెల్లారాక తెలిసింది.

పొద్దున్నే అత్తగారు ఊరి నుంచి ఆటోలో వచ్చింది. ఆమె మా దగ్గరే ఉంటుంది. చేతిలో మూత పెట్టిన గ్లాసు. కొడుకు ఫోన్లో లివర్ అన్న మాట ఒక్కటి విని, దొడ్లో నేలఉసిరి పీకి, దంచి, రసం తీసి తెచ్చింది. కామెర్లకు మా ఊళ్లో అదే పోస్తారు.

"తాగవే అమ్మాయ్, కార్జానికి బలం," అంది.

నర్సు వద్దంది. అత్తగారు డాక్టరమ్మను అడుగుతానంది. డాక్టరమ్మ ఆ గ్లాసును చేతిలోకి తీసుకుని వాసన చూసి, "ఇంటికెళ్లాక ఆలోచిద్దాం పెద్దమ్మా, ఇప్పుడు చిగుళ్లు కారుతున్నాయి," అని పక్కన పెట్టింది. అత్తగారు ఒప్పుకుంది. వద్దని ఉంటే ఒప్పుకునేది కాదు. తర్వాత ఆమె పెద్దకోడలి వంక చూసి, "నువ్వెప్పుడు తిన్నావే?" అని అడిగింది. ఆ ప్రశ్న నాకు అప్పటిదాకా తట్టలేదు. మా ఆయన బయటకు వెళ్లి, ఇడ్లీ పొట్లాలు తెచ్చి, ఒకటి వదిన పక్కన బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఇంకొకటి అన్నకు ఇచ్చాడో లేదో నేను చూడలేదు.

మూడోసారి పరీక్షకు రక్తం తీసినప్పుడు సూది గుచ్చిన చోట పెట్టిన దూది మీద చిన్న మచ్చే పడింది. నేనది చూశాను గాని ఎవరికీ చెప్పలేదు. చెప్తే తప్పవుతుందేమోనని భయం. చిగుళ్లు కూడా అప్పటికి ఆగినట్టే ఉన్నాయి.

ఇరవై నిమిషాలయ్యాక డాక్టరమ్మ గొట్టం వంచింది. రక్తం కదల్లేదు. ఇంకొంచెం వంచింది. పూర్తిగా తలకిందులు చేసింది. జున్నుముక్క లాగా అడుగునే అంటుకుని ఉంది.

"చేసింది," అంది డాక్టరమ్మ.

అత్తగారు దణ్ణం పెట్టుకుంది. మా ఆయన అప్పుడు స్టూలు మీద కూర్చున్నాడు, మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు, పెద్ద సంతోషమూ కలగలేదు. ఆకలి వేసింది. అంతకు ముందు రోజు పొద్దుటి నుంచి నాకు ఆకలన్నదే లేదని అప్పుడు తెలిసింది.

నా తోడికోడలు ఆ గొట్టాన్ని చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురులో ఒకసారి చూసి తిరిగి పెట్టింది. "మోటరుకు కరెంటొచ్చే టైమైంది. నీళ్లు పెట్టాల," అని చెప్పి, ఎవరి జవాబూ వినకుండా వెళ్లిపోయింది.

అక్కడితో అయిపోలేదు. ఆ తర్వాత రెండు రోజులు మూత్రం తగ్గింది. కిడ్నీలకు మిషన్ పెట్టాల్సి వస్తుందేమో, అందుకైతే గుంటూరు వెళ్లాల్సిందేనన్నారు. రాలేదు ఆ అవసరం. మెల్లగా మామూలైంది. కాలి మీద నల్లటి బొబ్బలు లేచి, చర్మం ఊడి, పుండు పడింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, మొహం వాచినా మూత్రం తగ్గినా వెంటనే రమ్మంది. అరవై దాటిన మనిషిలాగా గోడలు పట్టుకుని నడిచి ఇంట్లోకి వచ్చాను.

పండగ నెల దాటేదాకా నేను చేలోకి పోలేదు. అత్తగారు లివరు పెరగాలంటే లివరే తినాలని వారం వారం వేటకార్జం తెప్పించి వేపుడు చేసి పెట్టింది. డాక్టరమ్మ వద్దనలేదు, కావాలనీ అనలేదు. ఆ కూరలో ఏముందో గాని తినేదాన్ని. నేలఉసిరి రసం కూడా తాగించింది. ఏది పని చేసిందని అడిగితే అత్తగారు ఇప్పటికీ రసమే అంటుంది. ఆమె లెక్కలో ఆసుపత్రి వాళ్లు విషం తీశారు, మిగిలింది ఆమె చేసింది.

గట్టు మీద గడ్డి మాత్రం ఎవరో కోయించారు. ఎవరని నేను అడగలేదు. వకీళ్లకు ఎవరూ చెప్పలేదు.

దావా ఆగలేదు. బయటి వాళ్లకు ఇది వింతగా ఉంటుంది. ఆసుపత్రిలో ఒక రాత్రంతా కలిసి గడిపిన అన్నదమ్ములు ఇంటికి రాగానే కలిసిపోతారనుకుంటారు. మా ఆయన వదినను చూస్తే ఇప్పుడు పలకరిస్తాడు. అన్నతో మాట్లాడడు. బావగారూ అంతే. గట్టు ఎటు జరిగిందన్నది వాళ్లకు ఇంకా తేలాల్సిన విషయమే. సర్వేయరు ఒకసారి వచ్చి కొలిచాడు, ఆ కొలతను మళ్లీ బావగారు ఒప్పుకోలేదు.

ఆ వేసవిలో ఒక వాయిదాకు సాక్ష్యం చెప్పడానికి ఆడవాళ్లమూ వెళ్లాల్సి వచ్చింది. మా ఆయనా బావగారూ వేర్వేరు బండ్ల మీద ముందే వెళ్లారు. నేను బస్సెక్కేసరికి తోడికోడలు అందులో ఉంది. పక్క సీటు మీద పెట్టిన సంచీ తీసి ఒడిలో పెట్టుకుంది. కూర్చున్నాను. వినుకొండ దాకా మిరప కోతల గురించి, కూలీలు దొరకని సంగతి మాట్లాడుకున్నాం. కోర్టులో మా దావా మధ్యాహ్నం దాకా పిలవలేదు. ఎదురుగా ఉన్న మెస్సులో ఇద్దరం అన్నానికి వెళ్లాం.

పప్పు కలుపుకుంటూ ఆమె అంది:

"ఒక మాట చెబుతా, ఏమీ అనుకోమాక. ఆ రోజు నేను నీమీద జాలితో రాలా."

"మరి?"

"చుట్టుపక్కల ఎవురూ లేరు. నువ్వూ, నేనే. నువ్వక్కడ పడి పోయావనుకో, ఊరంతా ఏమనుద్ది? దావా కచ్చతో తోడికోడలు చూస్తా నిలబడిందంటారు. కోర్టులో కూడా అదే రాస్తారు. నా బిడ్డలు తలెత్తుకు తిరగాల కదా. ఆ భయంతోనే బండి తీశా. దారంతా అదే. నువ్వు బతకాలని కాదు, నా బండి మీద పోకూడదని."

నేను అన్నం కలపడం ఆపలేదు. ఆమె చెప్పింది నిజమేనని అనిపించింది. అదే పరిస్థితిలో ఆమె ఉండి నేను ఇవతల ఉంటే, నా బుర్రలోనూ ముందు అదే వచ్చి ఉండేదేమో.

"మరి ఆ గొట్టం దగ్గర కూచుంది కూడా అందుకేనా అక్కా?" అన్నాను.

ఆమె మజ్జిగ గ్లాసు దగ్గరకు లాక్కుంది.

"మొదటిసారి అందుకే," అంది. "రెండోసారి మీ ఆయన వచ్చాక నాకేం పనుంది అక్కడ? పోవచ్చు. ఎందుకో పోబుద్ధి కాలా. ఆ రక్తం అట్టా కదుల్తా ఉంటే వదిలేసి ఎట్టా పోతారు ఎవురైనా?"

ఉప్పు చాలలేదని సర్వరును పిలిచింది. అన్నాలయ్యాక చేతులు కడుక్కుని రోడ్డు దాటాం. కోర్టు గుమ్మంలో ఆమె తన వకీలు దగ్గరకు వెళ్లింది, నేను మా వకీలు దగ్గరకు వెళ్లాను.